కన్నం ఎటువైపు

నరసింహం విసిరిన సీలు కౌంటరు అద్దం మీద గిర్రున తిరిగి, గ్రీజు డబ్బాకు తగిలి ఆగింది.

"ఇది రెండోది. మొన్న ఒకటి పాయె, ఈ పొద్దు ఇంగోటి పాయె. ఇట్లాంటి మాలు పెట్టుకోని ఏం యాపారం చేస్తాండారయ్యా మీరు?" అన్నాడు గట్టిగా.

అతని చొక్కా నిండా నూనె చిమ్మిన మరకలు. మోకాళ్ళ దాకా ఎండిన బురద. ట్రాక్టరు హైడ్రాలిక్ పంపును గోనెపట్టాలో చుట్టుకుని, త్రిపురాంతకం అవతల పల్లె నుంచి బస్సెక్కి మార్కాపురం రావడం ఈ వారంలో అతనికిది మూడోసారి. వానపడి చేలు పదునెక్కాయి. సరిగ్గా అప్పుడే కంది విత్తే గొర్రును పైకెత్తాల్సిన లిఫ్టు నీరసించి ఎత్తడం మానేసింది. ఆ లిఫ్టుకు బలమిచ్చేది ఈ పంపే. మెకానిక్కు సుబ్బన్న దాన్ని విప్పి, కడిగి, ఈ ట్రాక్టరు విడిభాగాల దుకాణం నుంచి సీళ్ళు తెప్పించి వేసి ఇచ్చాడు. రెండుసార్లూ పొలంలో గొర్రు నాలుగు చాళ్ళు పోయిందో లేదో, షాఫ్టు చుట్టూ నూనె కారకుండా పట్టి ఉంచే సీలు ఊడి బయటికొచ్చి నూనె మనిషెత్తున చిమ్మింది.

గల్లా దగ్గర కూర్చున్న సుందరరామయ్యకు ఎవరైనా గొంతు పెంచితే మాట తడబడుతుంది. "సుబ్బన్న ఏమన్నాడు?" అని మాత్రం అడగగలిగాడు.

"ఏమంటాడు? సీలు నకిలీదన్నాడు."

ఆ మాటకు వెనక అరల దగ్గర బేరింగులు సర్దుతున్న అనంతలక్ష్మి బయటికి వచ్చింది. సుందరరామయ్య భార్య ఆమె. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎదురుగా టైర్ల దుకాణం ఆయన కుర్చీలోంచి లేచి మరీ నిలబడ్డాడు. ఆమె ఎవరివైపూ చూడకుండా సీలును తీసుకుంది. గుడ్డతో తుడిచి, లోపలి రబ్బరు పెదవిని బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా వంగి మళ్ళీ లేచింది. వెనక సన్నటి స్ప్రింగు ఉండవలసిన చోటే ఉంది. రబ్బరు ఎక్కడా చిట్లలేదు, మాడలేదు, తెగలేదు. బయటి రేకు అంచు మాత్రం ఒకవైపు వంగిపోయి ఉంది.

డబ్బాలోంచి కొత్త సీలు తీసి దాని పక్కన పెట్టింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది చెడిపోలేదు నరసింహం. దీన్ని లోపల నుంచి ఏదో తోసింది."

"తోసేదానికి లోపల ఎవురున్నారక్కా? దయ్యమా?"

గుమికూడినవాళ్ళు నవ్వారు. టైర్ల దుకాణం ఆయన కూడా నవ్వాడు. రోజూ పొద్దున పలకరించే మనిషి. ఆ నవ్వు అనంతలక్ష్మికి నరసింహం అరుపు కన్నా ఎక్కువ తగిలింది.

"మీతో నాకేం లేదు. వినుకొండ పోయి వేరే సీలు తెచ్చుకుంటా. మా ఊరోళ్ళు ఇంగ ఈ అంగడి మెట్టెక్కితే అడగండి" అంటూ అతను పంచె ఎగ్గట్టాడు.

"ఆగు" అంది ఆమె. "వినుకొండకు రేపయినా పోవచ్చు. పంపు సుబ్బన్న కాడే ఉంది గదా? రేపు పొద్దున్నే మా అరుగు మీద విప్పించు. నీ ముందర, నా ముందర, ఈ నవ్వేవాళ్ళందరి ముందర. సీలుదే తప్పని తేలితే ఈ డబ్బాలన్నీ తీసుకపోయి చెరువులో పారేస్తా."

నరసింహం ఆమెను ఎగాదిగా చూశాడు. "పదును పోతాంది అక్కా. నా ఒక్కడి చేను కాదు, నా ట్రాక్టరు కోసం మా వీధంతా కాసుకోనుంది."

"అందుకే పొద్దున్నే రమ్మంటున్నా."

అతను వెళ్ళాక సుందరరామయ్య తల పట్టుకున్నాడు. "ఎందుకు అనంతా ఈ పంతం? సుబ్బన్న చెయ్యి పెట్టిన పంపుకు వంకలు పెడితే ఈ బజార్లో ఎవరు నమ్ముతారు? రేపు నిజంగానే మన సీలుదే తప్పని తేలితే?"

"తేలనీండి. నకిలీ మాలు అమ్ముతున్నామని తెలీకుండా అమ్మేదానికన్నా అదే మేలు."

అలా అన్నదే గానీ ఆమెకు లోపల బెరుకుగానే ఉంది. ఎన్నో ఏళ్ళుగా సీళ్ళు, రింగులు, బుష్‌లు ఆమె చేతుల మీదుగా పోతున్నాయి. చీకట్లో చేత్తో తడిమి కూడా ఏది ఏ ట్రాక్టరుదో చెప్పగలదు. కానీ ఆ వస్తువు దుకాణం మెట్టు దిగాక ఎక్కడికి పోతుందో, ఏ ఇనుములో ఎలా కూర్చుంటుందో ఒక్కనాడూ చూసింది లేదు.

సుబ్బన్న షెడ్డు నాలుగు దుకాణాల అవతల. వెలుతురుకు వీపు పెట్టి ఆమె గుమ్మంలో నిలబడితే, లోపల ముక్కాలిపీట మీద కూర్చున్నాయన "ఎవురు?" అన్నాడు.

"నేనే సుబ్బన్నా. అనంతలక్ష్మిని."

"నువ్వా అమ్మా. రా."

అరవై దాటిన మనిషి. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టి, ఇంజను చప్పుడు వింటే గొర్రెలను వదిలేసి ఆ లారీ వెంట పరిగెత్తినవాడినని ఆయనే చెప్పుకుని నవ్వుతుంటాడు. ఆమె చెప్పింది విన్నాక మాత్రం నవ్వలేదు.

"నన్ను నీ అరుగు మీద కూర్చోబెట్టి, పదిమందిలో పంపు ఇప్పమంటావా? గారడోడి మాదిరి?"

"నా సీలు నకిలీదని నువ్వంటే నరసింహం పదిమందిలోనే అరిచినాడు గదా సుబ్బన్నా. నువ్వు షెడ్డులో అన్న మాట నా మెట్ల మీద పడింది."

ఆయన చేతిలోని స్పానరును ఒడిలో పెట్టుకుని చాలాసేపు తుడిచాడు. "నేను వేసిన సీలు ఎప్పుడూ ఊడింది లేదమ్మా. రెండుసార్లు ఊడితే నేనేమనుకోవాల? నా చేతుల్ని అనుమానించుకోవాల్నా?"

ఆమె గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

"సరే. వస్తా" అన్నాడు చివరికి. "ఆ పలకరాయి నువ్వు మోయించు. అది లేకుండా నేను పని చెయ్యను."

పొద్దున అరుగు మీద సుబ్బన్న పలకరాయి పరిచారు. క్వారీ నుంచి తెచ్చుకున్న నల్లటి బండ, చేత్తో రాస్తే నీళ్ళ మీద రాసినట్టుంటుంది. ఒక పక్క డీజిల్ తొట్టి. ఇంకో పక్క పోగులు రాలని పాత పంచె ముక్కలు. నరసింహం గొంతుక్కూర్చున్నాడు. అనంతలక్ష్మి చిన్న స్టూలు వేసుకుని సుబ్బన్నకు ఎదురుగా కూర్చుంది. నిన్న నవ్వినవాళ్ళలో చాలామంది కాసేపు నిలబడి చూశారు గానీ, పంపును బ్రష్షుతో రుద్ది రుద్ది కడగడం తప్ప ఇంకేమీ జరక్కపోయేసరికి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కడగడం అయ్యాక సుబ్బన్న బోల్టులు వదులు చేశాడు. ఒకదాన్ని కొంచెం, దాని ఎదురుదాన్ని కొంచెం. మూతను ఇనప సుత్తితో కాకుండా కొయ్య సుత్తితో చుట్టూ తట్టాడు. మూత లేచింది. లోపలి నుంచి ఒక్కొక్కటే తీసి పలకరాయి మీద పెట్టాడు: ఎనిమిది అంకె ఆకారంలో అతుక్కుని గేర్ల షాఫ్టులను పట్టుకునే బుష్‌లు, రెండు గేర్లు, మళ్ళీ బుష్‌లు. పై బుష్ వీపు మీద అంకె మూడులా వంపు తిరిగిన నల్ల రబ్బరు చూడగానే అనంతలక్ష్మి గుర్తుపట్టింది. ఆమె రోజూ అమ్మేదే. "ఓహో, నువ్వుండేది ఇక్కడా" అనుకుంది, ఊళ్ళో చుట్టం ఇంటికి మొదటిసారి వెళ్ళినట్టు.

సుబ్బన్న పంపు ఖాళీ పొట్టలోకి వేలు దూర్చి, గోటిని అంచు వెంట నిదానంగా నడిపించాడు.

"గేరు రాసుకున్న జాడ ఇది. నూనె పీల్చుకునే వైపు అట్ల కొంచెం అరుగుతాది. గోరు తట్టుకుంటే పంపు పనికిరాదని అర్థం. దీనికి తట్టుకోలా." ఆమె చేతిని కూడా లోపల పెట్టమన్నాడు. ఆమె గోటికి ఒక సన్నటి అంచు తెలిసింది గానీ ఎక్కడా పట్టుకోలేదు.

గేరు పళ్ళను ఒక్కొక్కటిగా వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. షాఫ్టు మీద సీలు కూర్చునే చోటును నాలుగు పక్కలా తడిమాడు. బుష్ ముఖాన సన్నటి గీతలున్నాయని చేత్తోనే కనిపెట్టి, పలకరాయి మీద నునుపు చేసే సన్న ఎమెరీ కాగితం పరిచి, రెండు చుక్కల నూనె వేసి, బుష్‌ను దాని మీద సున్నాలు చుడుతున్నట్టు తిప్పాడు. బరువంతా దాని సొంత బరువే. ఆయన చెయ్యి తోడు పోయేది, అంతే. కాసేపటికి బుష్ ముఖం కడిగిన గిన్నెలా ఒకే రంగుకు వచ్చింది.

చూస్తున్నకొద్దీ అనంతలక్ష్మికి తన మీదే అనుమానం పెరిగింది. ఇంత ఒడుపుగా చేసే మనిషి తప్పు ఎక్కడ చేస్తాడు? ఆ చేతుల్లో ఒక్క కదలిక కూడా దండగది లేదు. అయితే సీలుదే తప్పా? బయటికి మంచిగా కనిపించి లోపల కొలత తేడా ఉన్నదేమో. గల్లా దగ్గర నుంచి సుందరరామయ్య ఆమె ముఖమే చూస్తున్నాడు.

అన్నీ కడిగి, ఆరబెట్టి, నూనె పూసి మళ్ళీ పొట్టలో అమర్చాడు సుబ్బన్న. తీసిన వరసలోనే. కొత్త సీలును ముందు మూతలో పెట్టి, కొయ్యముక్క అడ్డం పెట్టి తట్టి కూర్చోబెట్టాడు. మూతను చేతిలోకి తీసుకున్నప్పుడు దాని అడుగున, సీలు పక్కనే, పెన్సిలు మొనంత కన్నం ఒకటి ఆమె కంటబడింది. గ్రీజు పూసుకుపోయి సగం మూసుకుని ఉంది.

"ఆ కన్నం దేనికి సుబ్బన్నా?" ఊరికే అడిగింది.

"సీలు యనక కారి చేరే నూనె తిరిగి పీల్చుకునే వైపుకు పోయేదానికమ్మా. ఆ కన్నం ఎప్పుడూ నూనె పీల్చే పెద్ద నోరు వైపుండాల. నూనె తోసే చిన్న నోరు వైపు వస్తే, గొర్రును ఎత్తే బలమంతా వచ్చి సీలు యనక నిలబడతాది. ఇంగ సీలు ఆగుతాదా?"

అలా చెబుతూనే ఆయన పంపు పెద్ద నోటిని బొటనవేలితో వెతికి పట్టుకుని, మూతను తిప్పి, కన్నాన్ని చిన్న నోరు వైపు పెట్టి దించాడు.

 పొరపాటున తనకు అలా కనిపించిందేమోనని అనంతలక్ష్మి పక్కకు వంగి చూసింది. పొరపాటు కాదు. ఈ రకం పంపుకు మూత ఎటు తిప్పి పెట్టినా బోల్టుల రంధ్రాలు సరిగ్గానే పడుతున్నాయి. సుబ్బన్న తల కొంచెం వాల్చి, మూతను ఓరగా చూస్తూ బోల్టు అందుకుంటున్నాడు. పొద్దుటి ఎండ ఆయన ముఖం మీద పడింది. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు నడిమధ్య మజ్జిగ చుక్క వేసినట్టు తెల్లగా ఉంది.

రాత్రంతా ఆమె మనసులో నూరుకున్న మాటలు నాలుక చివర దాకా వచ్చాయి. తప్పెవరిదో ఈ బజారంతా చూడండి అని. అరుగు దిగి ఒక్క కేక వేస్తే చాలు, టైర్ల దుకాణం ఆయన మళ్ళీ లేచి నిలబడతాడు. దుకాణం పరువు ఈ క్షణాన తిరిగొస్తుంది. ఈ ముసలాయన దగ్గరికి రేపటి నుంచి ఎవరూ పంపు తీసుకురారు.

"నరసింహం" అంది, "లోపల మా ఆయన నూనె డబ్బా తీసి పెట్టినాడు. పోయి చూసి తెచ్చుకో."

అతను లేచి లోపలికి పోయాడు. ఆమె స్టూలును ముందుకు జరుపుకుంది.

"సుబ్బన్నా, బోల్టు వెయ్యొద్దు. కన్నం చిన్న నోరు వైపుంది."

ఆయన చెయ్యి ఆగిపోయింది.  కాసేపటికి, "చీపురు పుల్ల ఉంటే తెచ్చియ్యి" అన్నాడు. ఆమె తెచ్చిచ్చింది. ఆయన మూతను మళ్ళీ పైకి తీసి, పుల్ల కొసను దాని అడుగున మెల్లగా నడిపించాడు. పుల్ల ఒకచోట దిగబడింది. పుల్లను అలాగే ఉంచి, రెండో చేత్తో పంపు నోరు తడిమాడు. చిన్నది. ఇంకోసారి తడిమాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆమె నెమ్మదిగా.

"పోయిన చలికాలం నుంచి పొగ మాదిరి ఉండేది. ఈ యండాకాలం మరీ ఎక్కువాయె." పుల్లను పక్కన పెట్టాడు. "వేళ్ళు చూస్తాయిలే అనుకున్నా అమ్మా. అన్నీ చూసినాయి. ఇదొక్కటే చూడలా."

నరసింహం డబ్బాతో బయటికి వచ్చాడు. మూత పెట్టలేదేమని అడిగాడు. అనంతలక్ష్మి ఏదో చెప్పబోయింది. సుబ్బన్న చెయ్యెత్తి ఆపాడు.

"నరసింహం, సీలు మంచిదే. రెండుసార్లూ మూత నేనే తిప్పి పెట్టినా. నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు. నీ పదును పాడుచేసింది నేను, ఈయమ్మ కాదు."

నరసింహం డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోపం ముఖంలోకి ఎక్కడం, ఎక్కడ దిగాలో తెలియక అక్కడే ఆగిపోవడం ఆమెకు కనిపించింది. కళ్ళు ఆనడం లేదని ఒప్పుకున్న పెద్దమనిషిని ఏమని తిడతాడు?

"ముందే చెబితే ఏమయ్యేది మామా?" అన్నాడు చివరికి.

"చెబితే నువ్వు తెచ్చేవాడివా?"

నరసింహం డబ్బా కింద పెట్టాడు. కూర్చుని నేలవైపు చూస్తూ, "అక్కా, నిన్న నోరు జారినా" అన్నాడు.

"జారింది బజార్లో. బజార్లోనే చెప్పు."

నరసింహం ఆమెవైపు, రోడ్డువైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి అరుగు చివరకు పోయి, ఎదురు దుకాణం వైపు తిరిగి, "ఓ టైర్లన్నా! నిన్న నేనన్నది తప్పు. ఈళ్ళ మాలు మంచిదే!" అని కేకేశాడు. టైర్ల దుకాణం ఆయన ఫోను చెవి మీంచి తీసి, ఏంది ఏంది అన్నాడు. నరసింహం రెండోసారి ఇంకా గట్టిగా అరవాల్సొచ్చింది. గల్లా దగ్గర సుందరరామయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత పని ఇద్దరి పనయింది. ఆమె చూసి చెప్పింది, ఆయన బిగించాడు. కన్నం పెద్ద నోరు వైపు. రబ్బరు రింగు గాడిలోంచి లేవలేదు. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. చివర్న నోట్లో నూనె పోసి షాఫ్టును చేత్తో తిప్పాడు. బరువుగా, ఒకే తీరుగా తిరిగింది. చిన్న నోట్లోంచి నూనె బొట్టుబొట్టుగా పైకొచ్చింది.

"పా మామా, బస్సుకు టైమయితాంది" అన్నాడు నరసింహం పంపును పట్టాలో చుడుతూ. "నువ్వే వచ్చి బిగించు. ఈసారి ఊడితే నాకు తెలవదు."

సుబ్బన్న లేవలేదు. అనంతలక్ష్మి వైపు తల తిప్పాడు. పదిమందిలో అడగలేక అలా కూర్చున్నాడని ఆమెకు అర్థమైంది.

"ఏమండీ, నేను కూడా పోయొస్తా" అంది భర్తతో, చెప్పులు వేసుకుంటూ. సుందరరామయ్య ఏదో అనబోయి, పెట్టెలోంచి ఇంకో సీలు తీసి ఆమె సంచిలో వేశాడు. "ఎందుకైనా మంచిది" అన్నాడు.

త్రిపురాంతకంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని చేని దగ్గరికి పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గట్టు మీద విత్తనాల బస్తాలు పెట్టుకుని ఆడా మగా కూర్చుని ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. నేల పైపొర అప్పుడే తెల్లబారుతోంది. ఒక ముసలామె గుప్పెడు మన్ను పిసికి, ముద్ద నిలుస్తుందో లేదో చూసి, నిలిచినందుకు ఊపిరి పీల్చుకుంది.

ట్రాక్టరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సుబ్బన్న పంపు బిగిస్తుంటే, అనంతలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఆయన పక్కనే వంగి చెప్పింది. పైపు నట్టు ఇంకా తగల్లేదు. ఇప్పుడు తగిలింది. ఆ బోల్టు కాదు, కింది బోల్టు. పట్నం నుంచి మెకానిక్కుతోపాటు వచ్చిన ఈ ఆడమనిషి ఎవరా అని గట్టు మీద వాళ్ళు చూస్తున్నారు.

నరసింహం ఇంజను వేశాడు. లీవరు లాగాడు. గొర్రు ఒక్కసారి జర్కిచ్చి ఆగింది. పైపుల్లో గాలి ఉండి ఉంటుందని సుబ్బన్న అన్నాడు. మళ్ళీ దించి, మళ్ళీ లాగాడు. గొర్రు లేచింది. మన్ను రాలుతున్న కర్రులతో నిదానంగా పైకెళ్ళి, పైన అలాగే నిలబడింది. అనంతలక్ష్మి గొర్రును చూడలేదు. సీలు ఉన్న చోటునే చూస్తూ ఉంది. దించు, ఎత్తు, దించు, ఎత్తు. అంతకు ముందు సీలు ఎగిరిపోయిన లెక్కంతా దాటిపోయింది. షాఫ్టు చుట్టూ పొడి పొడిగానే ఉంది. వేలు పెట్టి తుడిచి చూసింది. నూనె అంటలేదు.

"ఆగిందా అమ్మా?" అన్నాడు సుబ్బన్న ఇంజను చప్పుడులో.

"ఆగింది సుబ్బన్నా!"

అరిచేసరికి ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. గట్టు మీద వాళ్ళు బస్తాలు ఎత్తుకుని లేచారు. మన్ను పిసికిన ముసలామె పోతూ పోతూ అనంతలక్ష్మి భుజం తట్టి, "చల్లగుండు తల్లీ" అంది, ఏం చేసిందో తెలియకపోయినా. మొదటి చాలు చివర ట్రాక్టరు గొర్రు ఎత్తి తిరిగి, మళ్ళీ దించుకుని రావడం నిలబడి చూశారు ఇద్దరూ.

తిరుగు బస్సులో సుబ్బన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. కురిచేడు అడ్డరోడ్డు బోర్డు పోయాక అనంతలక్ష్మే అడిగింది. "శుక్లాలే గదా? ఆపరేషను పొద్దున చేస్తే సాయంత్రానికి ఇంటికి పంపుతారు. ఎందుకు చేయించుకోలా?"

"నాగరత్నమ్మ కూడా అదే నస" అన్నాడు. నాగరత్నమ్మ ఆయన భార్య. "చేయించుకుంటే దుమ్ములో, నూనెలో చెయ్యి పెట్టగూడదంట. వంగగూడదంట. నెలపైన కూర్చోవాల. విత్తనాల కాలంలో షెడ్డు మూస్తే, తెరిచినప్పుడు ఎవురొస్తారమ్మా? కొత్తోళ్ళు మెషిన్లు పెట్టుకోని కాసుకోనుండారు." కిటికీ వైపు తిరిగి అన్నాడు, "ఇంగ ఇప్పుడు మూసినా తెరిచినా ఒకటేలే. నరసింహం ఊరంతా చెబుతాడు."

"షెడ్డు మూయబాక. మా అరుగు మీదికి తీసుకురా. నువ్వు వంగేదెందుకు? కుర్చీలో కూర్చోని చెప్పు."

"చెబితే ఎవురు చేస్తారు?"

"నేను చేస్తా."

సుబ్బన్న ఆమెవైపు తిరిగాడు. ముఖం ఆయనకు ఎంతవరకు కనిపించిందో గానీ, ఎగతాళి కాదని గొంతును బట్టి తెలుసుకున్నట్టుంది. "నీకెందుకమ్మా ఈ మసి?" అన్నాడు.

"ఇన్నేళ్ళు సీళ్ళు అమ్మినా సుబ్బన్నా. అవి ఉండే ఇల్లు ఈ పొద్దే చూసినా" అంది. అంతకన్నా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే సుందరరామయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు స్పానరు పట్టుకోవడం ఎక్కడన్నా విన్నామా అన్నాడు. చుట్టాలు ఏమంటారు అన్నాడు. ఆమె వాదించలేదు. మర్నాడు దుకాణం తెరిచేసరికి, అరుగు మీద ఎప్పటినుంచో పేర్చి ఉన్న ఖాళీ నూనె డబ్బాలను ఆయనే ఒక్కొక్కటీ మోసి వెనక గదిలో పెడుతున్నాడు. "పలకరాయికి చోటు చాలుతుందా చూడు" అన్నాడు ఆమెవైపు చూడకుండా.

సుబ్బన్నకు మొదట కుడికంటికి ఆపరేషను చేశారు. నాగరత్నమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నల్లద్దాలతో అరుగు మీది కుర్చీలో కూర్చోబెట్టింది. "కదిలితే నాకు చెప్పమ్మా, ఈయన మాట వినడు" అని అనంతలక్ష్మికి అప్పజెప్పి పోయింది. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. సుబ్బన్న కుర్చీలో కునికిపాట్లు పడ్డాడు. మూడోనాటి మధ్యాహ్నం నరసింహం ఊరి నుంచే మాల్యాద్రి అనే రైతు ఒక పంపును సంచిలో వేసుకుని వచ్చాడు.

"నరసింహం పంపినాడు. ఈడైతే తప్పు చేసినా చెబుతారు, మళ్ళీ చేసి ఇస్తారు అన్నాడు" అని, కుర్చీలో నల్లద్దాల మనిషిని చూసి తటపటాయించాడు. "ఎవురిప్పుతారు?"

"ఇట్లియ్యి" అంది అనంతలక్ష్మి.

మాల్యాద్రి సంచిని వెంటనే వదల్లేదు. ఆమె చేతులు చాపి అలాగే ఉంది. చివరికి ఇచ్చాడు.

సుబ్బన్న కుర్చీలోంచి చెబుతుంటే ఆమె కడిగింది, విప్పింది, వరసగా పేర్చింది. గోరు ఎక్కడ నడపాలో ఆయన చెప్పకముందే నడిపింది. ఒక బుష్ అరిగిపోయి పనికిరాదని ఆమె అంటే, ఆయన చేతిలోకి తీసుకుని తడిమి, అవునన్నాడు. కొత్తది వేసి, రింగులు పెట్టి, మూత దించి, బోల్టులు బిగించింది. ముంజేతుల దాకా నూనె, నుదుటి మీద ఒక నల్లటి చార. నూనె పోసి షాఫ్టు పట్టుకుని తిప్పింది.

తిరగలేదు.

రెండు చేతులతో పట్టి తిప్పింది. ఇనుము ఇనుమును కరిచిపట్టుకున్నట్టు బిగుసుకుపోయి ఉంది. మాల్యాద్రి లేచి నిలబడ్డాడు.  సుబ్బన్న కుర్చీలోంచి లేచి వచ్చి చేత్తో ముట్టుకుంటే చాలు, ఎక్కడ తప్పో పట్టేస్తాడు. ఆయన లేవలేదు.

"బోల్టులు ఏ వరసన బిగించినావు?"

ఆమె ఆలోచించింది. తొందరలో ఒక పక్కవి రెండూ పూర్తిగా బిగించి, తర్వాత రెండో పక్కకు వచ్చింది. "ఒక పక్కనే ముందు" అంది.

"అయితే బుష్ వాలిపోయుంటాది. ఇప్పు. మళ్ళీ పెట్టు."

ఆమె స్పానరు తీసుకుని నాలుగు బోల్టులూ వదులు చేసింది. మూతను కొయ్య సుత్తితో తట్టి సర్దింది. ఒక బోల్టు కొంచెం. ఎదురుది కొంచెం. ఇంకోటి. దానెదురుది. తొందర లేదు. మళ్ళీ మొదటిది. మాల్యాద్రి మళ్ళీ ఎప్పుడు కూర్చున్నాడో ఆమె చూడలేదు. చివరి బోల్టు బిగిసిన తర్వాత కాసేపు ఆగి, షాఫ్టును రెండు వేళ్ళతో పట్టుకుంది.

తిరిగింది. బరువుగా, ఒకే తీరుగా. చిన్న నోట్లో నూనె మెరిసి పైకి ఉబికింది.

సుబ్బన్న వంగకుండా చెయ్యి మాత్రం చాపాడు. ఆమె పంపును ఆయన చేతికి అందించింది. ఆయన ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తిప్పి, ఏమీ అనకుండా మాల్యాద్రి చేతికిచ్చాడు. "బిగించేటప్పుడు పైపుల్లో గాలి తీసెయ్యి. ఇంగేం భయం లేదు" అన్నాడు. మాల్యాద్రి కూడా ఒకసారి తిప్పి చూసుకుని, నవ్వి, సంచిలో పెట్టుకున్నాడు.

లోపల ఎవరో గిరాకీ వచ్చినట్టున్నారు. "అనంతా, ఈ నంబరు బేరింగు ఏ అరలో ఉంది?" అని సుందరరామయ్య పిలిచాడు.

ఆమె ఇంకో పంచె ముక్క తీసుకుని, పలకరాయి మీద చిందిన నూనెను ఒక మూల నుంచి తుడవసాగింది.

"మీరే చూసుకోండి" అంది. "నా చేతులు ఖాళీగా లేవు."